వీధి గది అద్దెకిస్తే ఇల్లు పోతుందా?

ప్రశ్న: మాది విజయనగరం, సొంత ఇల్లు. మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను, అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. వీధి వైపు గది ఖాళీగా ఉంది. సాలూరు నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయి అద్దెకు అడుగుతోంది. పిల్ల నెమ్మదస్తురాలే. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందని మా మరిది భయపెడుతున్నాడు, మన వాళ్లకైతేనే ఇవ్వమని ఆడపడుచు అంటోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇవ్వండమ్మా. మీ మరిదిగారు చెప్పే పన్నెండేళ్ల మాట 1963 నాటి లిమిటేషన్ చట్టంలోది. అది యజమాని అనుమతి లేకుండా, ఈ స్థలం నాదేనని బాహాటంగా తిష్ఠ వేసుకున్న వాళ్ల విషయం. నెలనెలా మీ చేతికి అద్దె ఇస్తోందంటే ఇల్లు మీదేనని ఆ అమ్మాయి ఒప్పుకుంటున్నట్టే కదా, అలా ఎన్నేళ్లున్నా ఇల్లు ఆమెది కాదు. అందుకే అద్దె ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయించుకోండి, చేతికి తీసుకుంటే రసీదు రాయండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి స్టాంపు కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆధార్ జిరాక్సు తీసుకోండి. ఆసుపత్రిలో ఒకసారి కనుక్కోండి.

ఇక మీ ఆడపడుచు మాట. కులం అడిగి గది ఇవ్వడం తప్పు, అది నేను మెత్తగా చెప్పలేను. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్ల ఊళ్లో గది కోసం గుమ్మం గుమ్మం తిరుగుతూ, ప్రతిచోటా అదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. మీకు కావలసింది మంచి మనిషి. నెమ్మదస్తురాలని మీరే రాశారు.

అసలు గొడవలొచ్చేది చిన్న విషయాల దగ్గర. బాత్రూమ్ ఒకటేనా? కుళాయి నీళ్లు వచ్చే వేళకి ఆమె డ్యూటీలో ఉంటే బకెట్లు ఎవరు పట్టాలి? రాత్రి షిఫ్టు దిగి తెల్లారి వస్తే గేటు ఎవరు తీయాలి (తాళం చెవి ఒకటి ఆమెకే ఇచ్చేయండి, మీ నిద్ర పాడుచేసుకోకండి)? చేపల కూర వండుకోవచ్చా? వాళ్లమ్మ వస్తే రెండ్రోజులు ఉండొచ్చా? ఇవన్నీ అడ్వాన్సు తీసుకోకముందే నోరు విప్పి మాట్లాడుకోవాలి. మొహమాటపడి ఊరుకుంటే మూడో నెలకి మాటలు బందవుతాయి.

కరెంటు మరీ ముఖ్యం. మీ ఒక్కరికీ నెలకు 125 యూనిట్లు దాటకపోతే చివరి యూనిట్లు 4.50 రూపాయల స్లాబులో ఉంటాయి. ఆమె కూలరు, ఇండక్షన్ పొయ్యి కలిసి మొత్తం 225 దాటిందంటే ఆపైన యూనిట్ 8.75 పడుతుంది. ఆ పై భారం ఎవరిదన్న దగ్గరే మనసులు విరుగుతాయి. ఆ గదికి సబ్ మీటరు పెట్టించి, వచ్చిన బిల్లును వాడిన యూనిట్లను బట్టి పంచుకుంటామని ముందే అనుకోండి.

ఇచ్చాక మాత్రం ఆ గది ఆమెది. ఆమె లేనప్పుడు ఊడుద్దామనో, పాత బీరువాలోంచి చీర తీసుకుందామనో తలుపు తీయకండి. మీ సామానంతా ముందే బయటికి తెచ్చేసుకోండి. వచ్చే అద్దె ఆదాయం కిందికే వస్తుంది, రిటర్ను వేసేవారైతే ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంటుంది.

ఇంకొకటి. దసరా తరువాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మన ఊళ్లో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. ఇన్నాళ్లూ మీ వాళ్లు దిగింది ఆ వీధి గదిలోనే అయ్యుంటుంది. పండగని ఆ అమ్మాయిని రెండ్రోజులు వేరేచోట ఉండమనడం భావ్యం కాదు, అద్దె కడుతోంది కదా. ఈసారి హాల్లో చాపలేసుకోవాలని మీ ఆడపడుచుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి.