స్కాలర్‌షిప్ వచ్చినా ఏడాదికి 27 లక్షలు తక్కువ: తోట అమ్మాలా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. ఒక పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం), రోడ్డు పక్కన రెండున్నర ఎకరాల సుబాబుల్ తోట ఉన్నాయి. నా భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. మా అమ్మాయి మెటలర్జీలో ఎం.టెక్ చేసింది. సముద్రంలో నిలబెట్టే ఉక్కు కట్టడాలకు తుప్పు పట్టడం మీద ఇంగ్లండులో మూడున్నరేళ్ల పీహెచ్‌డీకి సీటు వచ్చింది. లండన్‌లో కాదు. అక్కడి ఇంజినీరింగ్ కంపెనీల విరాళాలతో నడిచే ఒక ధర్మసంస్థ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఏడాదికి 20,780 పౌండ్లు ఖర్చులకు, 5,006 పౌండ్లు ఫీజుకు. యూనివర్సిటీ లెటర్లో మాత్రం ఫీజు 28,000 పౌండ్లని ఉంది. తక్కువ పడేది మేమే కట్టాలంటే తోట అమ్మేద్దామనుకుంటున్నాను, ఇప్పుడు రేటు బాగానే పలుకుతోంది. లోను తీసుకుంటే పార్ట్‌టైమ్ చేసి అమ్మాయే తీరుస్తుందని మా బావమరిది అంటాడు. పెళ్లికని దాచిన 18 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బేరగాళ్లకు ఫోన్ చేయడం ఆపండి. మీరు రాసిన తేడా మీరు కట్టాల్సిన బాకీ అని ఇంకా ఎవరూ మీకు రాతపూర్వకంగా చెప్పలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని మీరే తీసివేత చేసుకున్నారు. ఆ లెక్క తప్పని కాదు, తొందరపడ్డారంటున్నాను.

ఆ రెండు అంకెలు ఎక్కడివో చెబుతాను. బ్రిటన్ యూనివర్సిటీల్లో ఒకే కోర్సుకు రెండు ఫీజులుంటాయి. అక్కడి వాళ్లకు ఒకటి, మనలాంటి బయటి దేశాల వాళ్లకు ఒకటి. పరిశోధనకు డబ్బిచ్చే వాళ్ల ప్రభుత్వ సంస్థ యూకేఆర్‌ఐ ఏటా ఒక కనీస భృతినీ, స్థానిక విద్యార్థికి ఇంత ఫీజు అని ఒక అంకెనూ ప్రకటిస్తుంది. 2025-26కు అవి 20,780, 5,006 పౌండ్లు. మీ లెటర్లో ఉన్నవీ అవే. అంటే మీ ధర్మసంస్థ సర్కారీ కొలతనే తీసుకుని చెక్కు రాస్తోంది. అక్కడి ఇంజినీరింగ్ ధర్మసంస్థల్లో కొన్నిటి పద్ధతి ఇదే. విద్యార్థి ఏ దేశం నుంచి వస్తాడో చూసి కాదు, ఒక్కో సీటుకు ఇంత అని వాళ్లు డబ్బు పక్కన పెడతారు.

మిగతాది ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న. 2021 నుంచి యూకేఆర్‌ఐ తన సీట్లలో 30 శాతం దాకా విదేశీయులకు ఇవ్వనిచ్చింది. ఆ సీటు వచ్చిన విద్యార్థి దగ్గర ఫీజు తేడా వసూలు చేయకూడదని కూడా షరతు పెట్టింది, దాంతో ఆ తేడాను యూనివర్సిటీలే సర్దుకుంటున్నాయి. కానీ ఆ షరతు సర్కారు డబ్బుకే. ధర్మసంస్థ డబ్బుతో వచ్చే సీటుకు అది వర్తించదు. అయినా ప్రొఫెసర్‌కు ఆ ప్రాజెక్టు ముఖ్యమైతే, కంపెనీ భాగస్వామ్యం కూడా ఉంటే, డిపార్ట్‌మెంటు ఫీజు మాఫీ తెచ్చుకునే అవకాశం ఉంది. అడిగితేనే. అడ్మిషన్ లెటరు కంప్యూటరు అచ్చేసేది. విదేశీ విద్యార్థి అని కనిపించగానే పెద్ద ఫీజు వేసేస్తుంది, మాఫీ సంగతి వేరే లెటర్లో రావచ్చు.

కాబట్టి అమ్మాయి చేత గైడుకు, రీసెర్చ్ విద్యార్థుల ఆఫీసుకు కలిపి ఒకే ఈమెయిల్ రాయించండి. విదేశీ ఫీజుకు, ధర్మసంస్థ ఇచ్చే ఫీజుకు మధ్య తేడాను మూడున్నరేళ్లూ యూనివర్సిటీ మాఫీ చేస్తుందా? భృతి 36 నెలలకా, 42 నెలలకా? ఏటా పెరుగుతుందా? డబ్బు ధర్మసంస్థ నేరుగా వేస్తుందా, యూనివర్సిటీ ద్వారా వస్తుందా? మొదటి ఏడాది చివర జరిగే సమీక్షలో ఇబ్బంది వస్తే, లేదా మధ్యలో మానేస్తే, ఇచ్చింది తిరిగి కట్టమంటారా? చదువయ్యాక ఫలానా కంపెనీలో చేరాలన్న షరతేమైనా ఉందా? బెరుకు పడనక్కర్లేదు, ఇవన్నీ వాళ్లకు రోజూ వచ్చే ప్రశ్నలే. జవాబు ఫోన్లో చెబితే సరే అనొద్దు, రాసి పంపమనండి.

కాలం గురించి ప్రత్యేకంగా అడగమన్నది ఎందుకంటే, కోర్సు మూడున్నరేళ్లయినా భృతి మూడేళ్లకే ఆగిపోయే స్కాలర్‌షిప్పులున్నాయి. థీసిస్ రాసుకునే చివరి ఆరు నెలలు చేతిలో పైసా ఉండదు. మీ విషయంలో అదే అయితే ఆ ఆరు నెలలకు ఎనిమిదిన్నర లక్షల దాకా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు చేదు మాట. మాఫీ లేదని జవాబు వస్తే ఈ సీటు వదిలేయమనే చెబుతాను. బంధువులు ఊరుకోరని తెలుసు. లెక్క చూడండి. పౌండు 120 రూపాయలనుకుంటే తేడా ఏడాదికి 27.6 లక్షలు, మూడున్నరేళ్లకు 96 లక్షల పైమాట. అదీ ఫీజు ఏటా పెరగకపోతేనే. విదేశీ ఫీజు పెరగని ఏడాది నాకు గుర్తు లేదు.

మీ బావమరిది గారి లోను సంగతి. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి. మీకున్న పెద్ద ఆస్తి సుబాబుల్ తోట. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకోనిచ్చేది సర్ఫేసీ చట్టం. రికార్డుల్లో మీ తోట వ్యవసాయ భూమి అయితే అందులోని సెక్షన్ 31 ప్రకారం బాకీ కింద బ్యాంకు దాన్ని ఆ చట్టంతో స్వాధీనం చేసుకోలేదు. అందుకే విద్యా రుణాలకు పొలం కాగితాలు చూపిస్తే మేనేజర్లు మొహం తిప్పుకుంటారు, ఇల్లో, ఇంటి స్థలమో తెమ్మంటారు. అంటే చివరికి తనఖా పడేది మీరుంటున్న ఇల్లు. సరే, కోటి రూపాయలు పది శాతం వడ్డీకి దొరికిందనే అనుకుందాం. పదేళ్ల వాయిదా నెలకు 1,32,000 రూపాయలు. చదువుతున్నప్పుడు పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. పీహెచ్‌డీ అయిన పిల్లకు అక్కడ ఉద్యోగం రాగానే నెలకు 1,100 పౌండ్లు పదేళ్ల పాటు ఈ బాకీకే పోతాయి. ఇండియా వచ్చి ఉద్యోగం చేస్తే అసలు ఊహించక్కర్లేదు.

వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుంది కదా అంటారేమో. సెక్షన్ 80ఈ మినహాయింపు ఎనిమిదేళ్ల వరకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. మీ భార్య కొత్త విధానంలో ఉంటే పైసా తగ్గదు.

పార్ట్‌టైమ్ మాట ఎవరన్నా నాకు చిరాకు. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. డిగ్రీ పిల్లలకు ఉన్నట్టు పీహెచ్‌డీ వాళ్లకు మూడు నెలల వేసవి సెలవులు ఉండవు. దానికి తోడు, భృతి ఇచ్చే సంస్థలు బయటి పనికి ఇంకా గట్టి హద్దు పెడుతుంటాయి. భృతి నుంచే ఫీజు కట్టుకోవడమూ కుదరదు. నెలకు వచ్చేది 1,730 పౌండ్లు. లండన్ బయట ఒక మనిషి బతకడానికి నెలకు 1,171 పౌండ్లు కావాలని వాళ్ల వీసా శాఖే అంటోంది. ఒద్దికగా ఉంటే మిగిలేది 560 పౌండ్లు. తీర్చాల్సిన ఫీజు తేడా నెలకు 1,900 పౌండ్లు.

తోట విషయంలో మిమ్మల్ని ఊరించేది ఇంకొకటి ఉంది, మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఒంగోలు కార్పొరేషన్ హద్దుకు ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభాల పన్ను ఉండదు, టంగుటూరు ఆ దూరం దాటే ఉంది. నిజమే. పన్ను లేదు కదా అని అమ్మడం తేలిక అనిపిస్తుంది. కానీ ఆ తోట మీ ఇంటికి చేసే పని వేరు. పొగాకు మీద వచ్చే డబ్బు వేలం నడిచే నెలల్లోనే. గ్రేడు తగ్గితే ఆ ఏడాది అంతే. సుబాబుల్ మూడు నాలుగేళ్లకోసారి కర్ర కొట్టించినప్పుడు ఒకేసారి చేతికొచ్చి ఆ లోటు పూడుస్తుంది. పైగా ఇంగ్లండులో ఫీజు కట్టాల్సింది సెప్టెంబరు, అక్టోబరులో. మీరు నారుకూ, దుక్కికీ, కూలీలకూ చేతిలో ఉన్నదంతా పొలంలో పోసే నెలలవి. తోట పోయాక అలాంటి నాలుగు అక్టోబర్లు ఎలా గడుస్తాయో మీ భార్యతో కూర్చుని ఒకసారి మాట్లాడండి.

మాఫీ ఉందని జవాబు వస్తే కథ పూర్తిగా మారిపోతుంది. అప్పుడు తోటా అక్కర్లేదు, లోనూ అక్కర్లేదు, చాలావరకు ఎఫ్‌డీతోనే గడిచిపోతుంది. వీసా దరఖాస్తు రోజునే, అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకునేందుకు కట్టే ఆరోగ్య సర్‌చార్జి మొత్తం ఒకేసారి కట్టించుకుంటారు. విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. మూడున్నరేళ్ల కోర్సుకు ముందూ వెనకా ఇచ్చే నెలలు కలిపి నాలుగేళ్ల లెక్క పడుతుంది, అంటే సుమారు 3.7 లక్షలు. వీసా ఫీజు, క్షయ పరీక్ష, టికెట్టు, గది అడ్వాన్సు, చలి బట్టలు కలుపుకుంటే ఏడెనిమిది లక్షలు చేతిలో ఉండాలి. మొదటి భృతి చేరేసరికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి ఈ అంకె తగ్గించి ఆలోచించకండి. ఏడాదికి 10 లక్షలు దాటకుండా పంపితే టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) బెడద కూడా ఉండదు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. డబ్బు ఎవరి ద్వారా వస్తుందో అడగమన్నది దీనికే. వీసాకు తొమ్మిది నెలల ఖర్చు, అంటే 10,539 పౌండ్లు, సుమారు 12.65 లక్షలు, 28 రోజులు వరుసగా ఖాతాలో చూపాలి. స్కాలర్‌షిప్ ఉంటే ఇది అక్కర్లేదని అనుకుంటారు. వీసా నిబంధనల్లో అధికారిక స్పాన్సర్ల జాబితాలో ప్రభుత్వాలు, యూనివర్సిటీలు, అంతర్జాతీయ సంస్థలు, అంతర్జాతీయ కంపెనీల వంటివి ఉన్నాయి. మామూలు ధర్మసంస్థ పేరు అందులో లేదు. భృతి యూనివర్సిటీ ద్వారా వస్తూ, సీటు ఖాయమని వీసా కోసం వాళ్లిచ్చే సీఏఎస్ పత్రంలో ఆ సంగతి రాసి ఉంటే ఇబ్బంది ఉండదు. లేదంటే ఎఫ్‌డీ చూపండి, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్ అయితే చెల్లుతుంది. తల్లిదండ్రుల పేరు మీద ఉంటే అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, మీ సమ్మతి పత్రం జత చేయాలి. సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. తోట విలువ, బంగారం, మీ భార్య జీపీఎఫ్ (భవిష్య నిధి) ఏవీ ఆ లెక్కలోకి రావు. చూపాల్సిందీ ఖర్చు పెట్టాల్సిందీ కలిపితే మీ 18 లక్షలు దాటిపోవచ్చు. దరఖాస్తు పెట్టే దాకా ఎఫ్‌డీని కదిలించకండి, సర్‌చార్జికి వేలం డబ్బులోంచి వేరుగా పెట్టుకోండి.

భృతి మీద అక్కడ పన్ను లేదు. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద మన దగ్గరా లేదు. మధ్యలో పెళ్లి కుదిరితే కూడా దారి మూసుకుపోదు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ వాళ్లు భర్తనో భార్యనో తీసుకెళ్లడం ఆపేశారు గానీ పరిశోధన విద్యార్థులకు ఆ వీలు ఉంచారు. అల్లుడి సర్‌చార్జి ఎవరు కట్టాలన్నది మీరూ వియ్యంకులూ తేల్చుకోండి.

మాఫీ లేకపోతే అమ్మాయి చదువు ఆగిపోయినట్టు కాదు. తుప్పు మీద పని మన దగ్గరా జరుగుతోంది, మద్రాసు ఐఐటీ మీకు రైలెక్కితే అయిదారు గంటల దూరం. కేంద్రం 2023 జనవరి నుంచి పరిశోధకులకిచ్చే భృతి జేఆర్‌ఎఫ్‌ను నెలకు 37,000 చేసింది, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటద్దె. పౌండ్ల పక్కన పెడితే చిన్నగానే కనిపిస్తుంది, కానీ నెత్తిన కోటి రూపాయల బాకీ ఉండదు. విదేశీ చదువుకే మనసు పడితే జె.ఎన్. టాటా ఎండోమెంట్, కె.సి. మహీంద్రా ట్రస్టు లాంటివి ఉన్నాయి. అవి రుణంగా ఇస్తాయి, మహీంద్రా ట్రస్టుది వడ్డీ లేనిది. మీ 96 లక్షల గొయ్యి వాటితో పూడదు, ప్రయాణపు ఖర్చులకైతే బాగా పనికొస్తాయి.

ఈమెయిల్‌కు జవాబు వచ్చే లోపు ఒక పని మొదలుపెట్టొచ్చు. లోహాల మీద పరిశోధనకు మన దేశం వాళ్లకు ఏటాస్ అనే భద్రతా అనుమతి అడగొచ్చు. దానికి ఫీజు లేదు గానీ ఆరు వారాలు, వేసవిలో అంతకన్నా ఎక్కువ పడుతుంది, అది రాకుండా వీసాకు దరఖాస్తు చేయలేరు. యూనివర్సిటీ వాళ్లను అడిగి ప్రాజెక్టు వివరాలు తెప్పించుకుని, వీలైతే ఈ వారమే పెట్టించండి.