రాజుకి ‘అవినీతి’ అంటుకుంటుందా?

సందేహం: రాజుల స్వభావం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఆంగ్ల చరిత్రకారుడు లార్డ్ యాక్టన్ అన్న ప్రసిద్ధమైన మాటని చాలామంది ‘అధికారం అవినీతికి దారి తీస్తుంది, సంపూర్ణ అధికారం సంపూర్ణ అవినీతికి దారి తీస్తుంది’ అని తెలుగు చేస్తున్నారు. రాజ్యమంతా తనదే అయిన రాజు ఎవరి దగ్గర లంచం తీసుకుంటాడు? అక్కడ ‘అవినీతి’ తప్పు కాదా? అలాంటి రాజుని ‘నియంత’ అనవచ్చా?

సమాధానం: మీ అనుమానం సరైనదే. ఆ అనువాదం ఎప్పుడు చదివినా నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ‘అవినీతి’ని పూర్తిగా తప్పు అనలేను. ఒకప్పుడు సరిగ్గా ఈ అర్థానికే ఉన్న మాట అది, మన చేతుల్లో పడి కుంచించుకుపోయింది.

‘వి’ అనే ఉపసర్గ, నడిపించడం అనే అర్థమున్న ‘నీ’ ధాతువు కలిసి ‘వినయం’, ‘వినీతుడు’ అనే మాటలు వచ్చాయి. వ్యతిరేకార్థంలో ముందు ‘అ’ చేరితే ‘అవినయం’, ‘అవినీతి’. వినయమంటే చేతులు కట్టుకుని నిలబడటం అని ఇప్పుడు అనుకుంటున్నాం గానీ అసలు అర్థం శిక్షణ, దారిలో పెట్టడం. బాగా తర్ఫీదు పొందిన గుర్రాలని అమరకోశం ‘వినీతాః’ అంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 15 అధికరణాలుంటే మొట్టమొదటి దాని పేరు ‘వినయాధికారికం’. పన్నులు, సైన్యం, గూఢచారుల సంగతి ఎత్తడానికి ముందు రాజు చదువు గురించీ, తన ఇంద్రియాలని తాను గెలవడం గురించీ చెప్తాడు, అలా గెలవలేక చెడినవాళ్ళ పేర్లు కూడా ఇస్తాడు. కామం వల్ల దాండక్యుడు, కోపం వల్ల జనమేజయుడు, దురభిమానం వల్ల రావణుడు, దుర్యోధనుడు, మదం వల్ల డంభోద్భవుడు, కార్తవీర్యార్జునుడు. మనుస్మృతి ఏడో అధ్యాయంలో ‘వేనో వినష్టోఽవినయాత్ నహుషశ్చైవ పార్థివః’ అని ఉంది. వేనుడు, నహుషుడు అనే రాజులు అవినయం వల్ల నశించారని. వాళ్ళేమీ లంచాలు తినలేదు కదా.

నహుషుడి కథలో ఒక మాట చమత్కారం కూడా ఉంది, మీ వ్యాసంలో వాడుకోండి. ఇంద్రుడు వృత్రుణ్ణి చంపిన పాపభయంతో దాక్కుంటే ఖాళీ అయిన సింహాసనం మీద దేవతలే ఇతన్ని కూర్చోబెట్టారు. అప్పటిదాకా మంచి రాజే. పదవి ఎక్కాక శచీదేవి కావాలన్నాడు, మునుల చేత పల్లకీ మోయించుకున్నాడు. జనంలో ఉన్న కథ ప్రకారం, నడక నెమ్మదిగా ఉందని ‘సర్ప, సర్ప’ అంటూ అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు. ‘కదులు, కదులు’ అని అతని ఉద్దేశం. ‘అయితే సర్పమే అవు’ అన్నాడు ముని. పాకడం, జరగడం అనే అర్థాలున్న ధాతువు నుంచే పాముకి ఆ పేరు వచ్చింది కాబట్టి అతను వాడిన మాటే అతని శాపమైంది.

ఇక ‘సంపూర్ణ అధికారం’. నా దృష్టిలో ‘అవినీతి’ కంటే ఇదే పెద్ద లోపం. యాక్టన్ వాడిన ‘యాబ్సల్యూట్’ అనే మాటకి లాటిన్ మూలంలో అర్థం ‘నిండుగా’ అని కాదు, ‘విప్పేసిన, కట్లు వదిలేసిన’ అని. రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ కూడా ప్రభువు చట్టాల నుంచి విడివడినవాడు అనే రాశాడు. అంటే అధికారం ఎంత ఉందన్నది కాదు, దానికి కట్టు ఉందా లేదా అన్నదే ప్రశ్న. దీనికి మనకి అచ్చంగా సరిపోయే మాట ఉండనే ఉంది, ‘నిరంకుశం’. నిః + అంకుశం. మావటి చేతిలో ఉండే ఆ ఇనప కొక్కెం లేని ఏనుగు. ఏనుగు బలం ఎప్పుడూ అంతే, మారిందల్లా మావటి చేతిలోది. వాడుకలో ‘అచ్చోసిన ఆంబోతు’ అంటామే, అదీ ఇదే, ముద్ర వేసి వదిలేసింది, ఇక ఎవరి చేలో పడినా అడిగేవాడు లేడు.

రోమ్ చక్రవర్తి నీరోని చూడండి. క్రీ.శ. 54లో 16 ఏళ్ళకే గద్దె ఎక్కాడు. గురువు సెనెకా, సేనాని బుర్రుస్ పక్కనుండి నడిపించినన్నాళ్ళూ పాలన బాగానే సాగింది. ఒక నేరస్తుడి మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ‘నాకు రాయడం రాకపోతే ఎంత బాగుండేది’ అన్నాడని రోమన్ రచయిత సూటోనియస్ రాశాడు. అక్షరం వచ్చినందుకు బాధపడిన ఆ కుర్రవాడే 59లో కన్నతల్లిని చంపించాడు. 62లో బుర్రుస్ చనిపోయాడు, సెనెకా పక్కకి తప్పుకున్నాడు, 65లో కుట్రలో ఉన్నాడనే నింద మీద ఆ గురువునే ప్రాణాలు తీసుకోమన్నాడు. ఒక్కొక్క అంకుశమే ఎలా ఊడిపోయిందో తారీఖులతో సహా కనిపిస్తుంది, చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

యాక్టన్ ఈ మాట రాసింది 1887లో, తర్వాత బిషప్ అయిన చరిత్రకారుడు క్రైటన్‌కి రాసిన ఉత్తరంలో. పోపులనీ రాజులనీ వాళ్ళు తప్పు చేసి ఉండరులే అనుకుంటూ తీర్పు చెప్పకూడదని ఆయన వాదన. డబ్బు ప్రసక్తి కాదు, గుణం ప్రసక్తి. ఇంకొకటి, మొదటి సగంలో ఆయన ‘చెడగొడుతుంది’ అని తేల్చి చెప్పలేదు, ‘చెడగొట్టే వైపు లాగుతుంది’ అన్నాడు. రెండో సగంలోనే తేల్చేశాడు. మన అనువాదాల్లో ఈ తేడా పోతోంది. ‘కరప్ట్’ అనే మాటకి లాటిన్‌లో విరగడం, పగలడం మూలార్థం. మనమూ ‘పాలు విరిగాయి’, ‘మనసు విరిగింది’ అంటాం, చూశారా! కానీ ‘రాజు విరిగాడు’ అంటే తెలుగు కాదు, అక్కడ ‘చెడు’ ధాతువే సహజం. నేనైతే ఇలా రాస్తాను: ‘అధికారానికి మనిషిని చెడగొట్టే గుణం ఉంది, నిరంకుశాధికారం పూర్తిగా చెడగొడుతుంది.’

‘అవినీతి’ పాత అర్థాన్ని మళ్ళీ తెద్దామా అంటే, వద్దు. ఇప్పుడు ఆ మాట వినగానే అందరికీ బల్లకింద చెయ్యే గుర్తొస్తుంది, వ్యాసంలో వాడి పక్కన వివరణ రాసుకుంటూ కూర్చోలేం. ‘అవినయం’ కూడా ఇప్పుడు పెద్దల్ని లెక్కచెయ్యకపోవడం దాకానే వచ్చి ఆగిపోయింది.

నియంత అంటే అదుపు చేసేవాడు, పగ్గాలు పట్టినవాడు. దేవుణ్ణి ‘సర్వనియంత’ అన్నది ఆ అర్థంలోనే. ఇప్పటి వాడుకలో అది ‘డిక్టేటర్’కి స్థిరపడింది. ప్రాచీన రోమ్‌లో డిక్టేటర్ అంటే ఆపద సమయంలో మామూలుగా ఆరు నెలలకి మించకుండా పెట్టుకునే అధికారి, వంశం వల్ల వచ్చేవాడు కాదు. కాబట్టి రాజుకి ‘నిరంకుశుడు’ అనే వాడండి. అయినా ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెడితే మనిషి ఒక్కడే: అందరినీ అదుపు చేస్తాడు గనక నియంత, తనని అదుపు చేసేవాడు లేడు గనక నిరంకుశుడు.

చివరగా, మీ వ్యాసంలో ‘చెడ్డ రాజు’ అనకండి. పుట్టుకతోనే అంతే అన్న అర్థం వస్తుంది, మీరు చెప్పదలుచుకున్నది మార్పు గురించి. ‘చెడిన రాజు’ కూడా వద్దు, ‘బతికి చెడినవాడు’ అన్నట్టు ఆస్తి పోగొట్టుకున్నవాడు అనుకునే ప్రమాదం ఉంది. ‘చెడిపోయిన రాజు’ అని రాయండి.