బేస్ గిటార్ టోన్ ముద్దగా వస్తోందా? ముందు ఆ బేస్ నాబ్ తగ్గించండి

విడిగా వాయిస్తే బాగానే ఉంటోంది, కీబోర్డు కలవగానే మీ జాజ్ బేస్ (రెండు పికప్‌లున్న ఒక రకం బేస్ గిటార్) ముద్దగా అయిపోతోంది అన్నారు కదా. ఆంప్‌లో (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) బేస్ నాబ్, అంటే లోతు శబ్దాలది, ఎక్కువ పెట్టి ఉంటారు. దాన్ని మధ్యకు తెచ్చి, ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి, 800 హెర్ట్జ్ దగ్గర కాస్త పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, కంగారు పడకండి, బ్యాండ్‌లో అదే తేటగా వినిపిస్తుంది.

ఇక గిటార్ మీది నాబ్‌లు: నెక్ పికప్ (తీగల కదలికను పట్టే భాగాల్లో మెడ వైపుది) ఫుల్, బ్రిడ్జ్ పికప్ (తీగల కింది చివర వైపుది) కొంచెం తక్కువ (సన్నగా హమ్, అంటే గుయ్‌మనే శబ్దం, రావచ్చు), టోన్ సగం. కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) నిష్పత్తి 3:1 చాలు.

నన్నడిగితే గుండ్రటి, మెత్తటి టోన్‌కి అసలు సంగతి కుడిచేతిలో ఉంది. చేతిని నెక్ బాడీని కలిసే చోటి వైపు జరిపి, గోరు తగలకుండా వేలి మెత్తటి భాగంతో మీటండి. గట్టిగా లాగొద్దు, వాల్యూమ్ పని ఆంప్‌కి వదిలేయండి. అప్పటికీ వేళ్లు తీగలకు రాసుకునే గరగర పోకపోతే ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి) వేయండి.