గుణుపురంలోని మేనకోడలికి

చిట్టితల్లికి, పర్లాకిమిడి నుంచి అత్త ఆశీస్సులు.

"మోకరిస్తే నోట మాట రావట్లేదత్తా, నా విశ్వాసం పోయిందా?" అని నిన్న ఫోన్లో అడిగావు. పోలేదే పిచ్చిదానా. ఒకపక్క అల్లుడి డయాలసిస్, ఇంకోపక్క పిల్లల ఫీజులు, వడ్డీలు. ఇంత టెన్షన్‌లో మాట రాకపోతే వింతేముంది?

నీకు మాట రానప్పుడు బైబిల్లోని దావీదు రాజు మాట వాడుకో. 13వ కీర్తన తియ్యి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్ణే నిలదీస్తాడు. మొదటి రెండు వచనాల నిండా ఎన్నాళ్లు, ఎంతకాలం అన్న ప్రశ్నలే. ఆరో వచనానికొచ్చేసరికి పాడతాడు. నీకు రెండో వచనం దగ్గరే గొంతు పూడుకుపోతే ఆ పూటకి అక్కడే ఆపెయ్యి, పాట కోసం బలవంతపడకు. 88వ కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. ఆ తర్వాత ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా అదీ ప్రార్థనే, బైబిల్లోనే ఉంది. రైల్లో కూర్చుని మనసులో చదువుకున్నా చాలు.

ఇక మీ వీధిలో ఎవరో తైలం రాసి, మందులు ఆపితేనే విశ్వాసం అన్నారట. నాకు ఒళ్లు మండింది. బైబిల్లో హిజ్కియా రాజు చావు జబ్బులో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రవక్తకి అడ్డం రాని మందు వీళ్లకెందుకు అడ్డమొచ్చిందో! ప్రార్థన చేసిన కొబ్బరినీళ్లని ఎవరైనా తెచ్చినా అల్లుడికి పట్టకు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి గుండె మీదికి వస్తుంది. డాక్టరు రోజుకి ఎన్ని నీళ్లన్నాడో అన్నే. దాహమంటే నీ మనసు కరుగుతుంది, తెలుసు. అయినా ఇవ్వకు.

"మీకోసం ప్రార్థిస్తున్నాం" అనేవాళ్లకి పని కూడా చెప్పు. ఒకరు పిల్లల్ని బడి నుంచి తెస్తారు, ఒకరు ఆస్పత్రికి తోడొస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా రేకులు ఎత్తుకుపోయినప్పుడు సంఘంలోని సవర కుటుంబాలవాళ్లు ముందు టార్పాలిన్ కట్టి, ఆ తర్వాతే ప్రార్థన చేశారు. వాళ్ల భాషలో చేశారు, నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాను. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే శిష్యుల్ని తనతో మెలకువగా ఉండమని అడిగాడు కదా, నీకెందుకు నామోషీ?

ఆదివారం గుడి మానకు. వెనక కూర్చో. నువ్వు పాడలేకపోతే పక్కవాళ్లు పాడతారు. సాక్ష్యం చెప్పమని మైకు చేతికిస్తే, ఇప్పుడు కాదని చెప్పి తిరిగిచ్చెయ్యి.

మంగళవారం డయాలసిస్‌కి వచ్చినప్పుడు అల్లుడి దగ్గర నేను కూర్చుంటాను. నువ్వు మా ఇంటికెళ్లి కాస్త పడుకో. పిల్లలకి క్యారేజీ కట్టి ఉంచుతాను, అల్లుడికి ఉప్పు తగ్గించి వేరే వండుతాను. పాత రిపోర్టులు మర్చిపోకుండా తీసుకురా.

మీ అత్త