మంచం వంటింటికి దూరంగా వేయించుకో

చిరంజీవి అమ్మడికి పొందూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గొంతు విని మొదట వేరెవరో అనుకున్నాను. ముక్కు అంతగా దిబ్బడ వేసింది. ఇంతలో వెనక కుక్కరు కూత, "ఆ, వస్తున్నా" అని నీ కేక. అదే నాకు నచ్చలేదు. మీ ఆయనకు రొంప పడితే ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడుతుంది. నువ్వు మాత్రం మాత్ర మింగి పోపు వేస్తావు. అతను సెలవు పెట్టి ఇంటికి వస్తాడు. నువ్వు సెలవు పెట్టి ఎక్కడికి వెళ్తావు?

అందుకే ముందు మంచం వెనక గదిలో వేయించుకో. సింకులో అంట్లు కనబడుతుంటే నీకు నిద్ర పట్టదు, ఆ బుద్ధి మన ఇంటి ఆడవాళ్లందరిదీ. కిటికీ బిగించుకోకు, గాలి ఆడాలి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే ముక్కు కాస్త తెరుచుకుంటుంది. తుడుచుకోవడానికి మీ పెదనాన్న పాత ఖద్దరు పంచె చింపి పంపుతున్నాను, ఉతికి ఉతికి వెన్నలా అయింది. మన పొందూరు పద్ధతిలో వాలుగ చేప దవడ పళ్లతో దువ్విన పత్తి నూలు అది. ఏ పనికి వాడుతున్నామో ఆయనకు చెప్పకు.

వంట మీ ఆయనకు అప్పగించు. మిరియాల చారుకు పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పలుచటి చింతపండు రసంలో మరిగించి, నేతి పోపు పెడితే చాలు. ఉప్పు ఎక్కువైనా మెచ్చుకో, లేకపోతే రెండో రోజు పెట్టడు. పొద్దున్న వేడి చోడి (రాగి) అంబలి తాగు. గొంతు గరగరకు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించు.

ఆవిరి హాయిగానే ఉంటుంది, జలుబును మాత్రం తగ్గించదు. మరుగుతున్న గిన్నె ఒళ్లో పెట్టుకోకు. మా పెద్దవాడి తొడ మీద మచ్చ చూశావుగా, దుప్పటి ముసుగులో గిన్నె ఒరిగిన ఫలితం అది. బల్ల మీద పెట్టుకో, పిల్లలను దగ్గరికి రానివ్వకు.

మందుల దుకాణంలో యాంటీబయాటిక్ ఇస్తానంటే వద్దను. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద అది పనిచేయదు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి, జ్వరానికి మళ్లీ విడిగా వేసుకునే ముందు అట్ట వెనక చదువు. ముక్కు దిబ్బడకు వేసుకునే మందు చుక్కలు మూడు రోజులు దాటితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది. మామూలుగా వారం, పది రోజుల్లో తేలికపడతావు, దగ్గు మాత్రం ఇంకొన్నాళ్లు ఉండవచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నా ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు.

పంచె ముక్కలు రేపటి విజయనగరం బస్సులో తమ్ముడు తెస్తాడు. వాడు రాగానే లేచి టీ పెట్టకు. వాడికి స్టవ్ వెలిగించడం వచ్చు, రాదని నటిస్తాడు.

నీ పెద్దమ్మ