నీ కథలో అందరూ జోకులేస్తున్నారు

అమ్మాయీ,

పాత హాలీవుడ్ హాస్యనటులైన అన్నదమ్ములు మార్క్స్ బ్రదర్స్ మీద నువ్వు రాసిన వ్యాసం, దాని వెనక పిన్ను కొట్టి పంపిన హాస్య కథ రెండూ చదివాను. వ్యాసం బాగానే ఉంది, ఆగకుండా చదివించావు. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది, ఆ అన్నదమ్ముల్లో వాగుడుకాయ గ్రౌచో చేతిలో వెక్కిరింతలు తినే పెద్దింటావిడ వేషాలు కట్టిన నటి గురించి అది. "పాపం, మార్గరెట్ డ్యూమాంట్‌కు గ్రౌచో జోకులు ఒక్కటీ అర్థమయ్యేవి కావు, ఆ అమాయకత్వమే ఆమె బలం" అని రాశావు. దాని కిందే "తమ్ముడు జెప్పో ఉన్నా లేకపోయినా ఒకటే" అని ఇంకోటి. ఈ రెండూ నువ్వు సినిమా చూసి రాసినవి కావు, ఎక్కడో చదివి దించినవి. ఆ అన్నదమ్ముల మీద రాసేవాళ్లంతా ఇవే దించుతారు. మిగతా సంగతులు తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చాలి.

ఆమెకు జోకులు తెలియవన్న మాటను ఊరంతా చాటింది గ్రౌచోనే. 1974లో గౌరవ ఆస్కార్ తీసుకుంటూ, చనిపోయిన అన్నలు హార్పో, చికోలతో పాటు ఆమెనూ తలుచుకుని, అక్కడ కూడా అదే అన్నాడు, జనం ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకు తెలిసేది కాదని. హాలంతా నవ్వింది. మరి నవ్వదా? అదీ ఒక జోకే కదా! జీవితమంతా అబద్ధాలు చెప్పి నవ్వించిన మనిషి చెప్పిన మాటను తీసుకొచ్చి చరిత్రలా రాస్తే ఎలా?

ఒక్కసారి లెక్క చూడు. డ్యూమాంట్ వీళ్లతో పరిచయానికి ముందే నాటకాల్లో పనిచేసిన నటి. డబ్బున్న ఇంటి అబ్బాయిని పెళ్లి చేసుకుని నాటకాలు మానేసింది, 1918లో ఆయన పోయాక మళ్లీ స్టేజీ ఎక్కింది. 1925లో బ్రాడ్‌వేలో 'ది కోకోనట్స్' నాటకంలో వీళ్లతో కలిసింది, 1928లో 'యానిమల్ క్రాకర్స్'లోనూ చేసింది. తర్వాత వీళ్ల సినిమాలు ఏడింట్లో ఉంది. నాటకమంటే సినిమా కాదు. రాత్రి రాత్రికీ జనం మారతారు, నవ్వు ఒకరోజు పొడుగు, ఒకరోజు పొట్టి. ఆ నవ్వు ఎక్కడ అణుగుతుందో కనిపెట్టి, అది పూర్తిగా చచ్చిపోకముందే తన డైలాగు అందుకోవాలి. ఒక్క క్షణం ముందు అంటే ఎవరికీ వినపడదు, ఒక్క క్షణం ఆలస్యమైతే గ్రౌచో తరవాతి మాట పడిపోతుంది. జోకు తెలియని మనిషి అన్నేళ్లపాటు ఆ పని చేసిందంటే నేను నమ్మను. పైగా గ్రౌచో రాసిచ్చిన మాటలు అప్పజెప్పే రకం కాదు. ఆ నాటకాలు రాసిన జార్జ్ కౌఫ్‌మన్ ఒకరోజు హాలు వెనక నిలబడి, నేను రాసిన లైను ఒకటి ఇప్పుడే వినపడినట్టుందే అని ఆశ్చర్యపోయాడని చెప్పుకుంటారు. ఆ గందరగోళంలో ముఖం చెదరకుండా నిలబడ్డది ఆమె ఒక్కతే.

నేను ఈ సినిమాలు మొదట చూసింది ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేసినప్పుడు. ఇరుకు హాలు, ఫ్యాను శబ్దం, ప్రింటు మీద గీతలు. గ్రౌచో ఇంగ్లీషు గురించి నీకు చెప్పక్కర్లేదు, ఊపిరి తీసుకోకుండా వాగుతాడు, నాకు సగానికి సగం అంతుపట్టలేదు. పక్కన కూర్చున్న లెక్చరరు గారు ప్రతి మాటకీ పెద్దగా నవ్వుతుంటే నాకు ఉక్రోషం. కాసేపటికి నేను గ్రౌచోను వదిలేసి డ్యూమాంట్ ముఖం చూడటం మొదలుపెట్టాను. అంతే, అన్నీ తెలిసిపోయాయి. ఇక్కడ ఆయన పొగిడాడు, ఆవిడ పొంగింది. ఇక్కడ ఆ పొగడ్తను వెనక్కి లాక్కుని ఒళ్లు లావని వెక్కిరించాడు, ఆవిడ ఒక్క క్షణం వినలేదేమో అనుకుంది, తర్వాత నొచ్చుకుంది, తర్వాత మర్యాద గుర్తొచ్చి సర్దుకుంది. ఇదంతా మూడు సెకన్లలో! సబ్‌టైటిల్స్ లేని ఆ ప్రింటుకి ఆవిడ ముఖమే సబ్‌టైటిల్. అప్పట్నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. హాస్యం ఎక్కడ చూసినా ముందు నవ్వనివాళ్లెవరా అని వెతుకుతాను. నవ్వించేవాడు నాకు రెండో మనిషే.

'డక్ సూప్' (1933) గురించి పేజీన్నర రాశావు. అద్దం సీను రాశావు, యుద్ధం రాశావు. నిమ్మరసం బండివాడు ఏడి? ఎడ్గర్ కెన్నెడీ అని బట్టతల నటుడు. చికో వేరుశనగల బండి పక్కనే అతని బండి. హార్పో, చికో కలిసి అతని టోపీ మార్చేస్తారు, తోస్తారు, చివరికి హార్పో ఆ టోపీని వేరుశనగల పొయ్యిలో కాల్చేస్తాడు. ఆ పని ఎవడైనా చెయ్యగలడు. కెన్నెడీ మాత్రం వెంటనే కోప్పడడు. ముందు ఓర్చుకుంటాడు, ఓర్చుకున్నానని తనకే చెప్పుకుంటాడు, అరచేత్తో బట్టతల మీంచి ముఖం దాకా రుద్దుకుంటాడు, అప్పటికి గాని కోపం పైకి రాదు. మనం నవ్వేది ఆ అరచెయ్యి కిందకి దిగేటప్పుడు. తర్వాత హార్పో ప్యాంటు మడుచుకుని అతని నిమ్మరసం తొట్టిలోకే దిగి తొక్కుతాడు, కొనడానికొచ్చినవాళ్లు పరుగు. ఆ సినిమా డైరెక్టరు లియో మెక్‌కేరీ అంతకుముందు లారెల్, హార్డీ అనే హాస్య జంటతో పనిచేసినవాడు, దెబ్బ తగిలిన ముఖం మీద కెమెరాను ఎంతసేపు ఉంచాలో తెలిసినవాడు.

'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' (1935)లో ఓడ గది సీను ఉంది చూశావా, ఇరుకు గదిలోకి జనం వచ్చి పడుతూనే ఉంటారే, అక్కడ నువ్వు "పిచ్చి పరాకాష్ఠ" అని రాసి వదిలేశావు. ఏం పిచ్చి? ఆ వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా పిచ్చివాళ్లు కారు. పక్క సర్దడానికి వచ్చినవాళ్లు పక్క సర్దుతారు. హీటరు ఆపడానికి వచ్చిన ఇంజనీరు దాని పని చూస్తాడు. గోళ్లు తీసే అమ్మాయి పొడుగ్గా ఉంచమంటారా పొట్టిగా తీయమంటారా అని మర్యాదగా అడుగుతుంది. పిన్నిని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల ఫోన్ వాడుకోవచ్చా అంటుంది. తుడవడానికి వచ్చినావిడ తుడుస్తానంటుంది. ఒక్కరికీ తాము కామెడీలో ఉన్నామని తెలియదు, ఎవరి డ్యూటీ వాళ్లది. అందులో ఒక్కడు, ఒకే ఒక్కడు మన వైపు తిరిగి "భలే ఇరుకుగా ఉంది కదా" అన్నట్టు కన్ను కొట్టి ఉంటే ఆ సీను అక్కడే చచ్చేది. చివర తలుపు తీసేది ఎవరు? డ్యూమాంట్! అందరూ ఆవిడ కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ పడతారు.

ఇదంతా అప్పటికప్పుడు పుట్టిందని నువ్వు రాయడం కూడా సరికాదు. ఆ సినిమా షూటింగుకి ముందు నిర్మాత థాల్బర్గ్ ముఖ్యమైన సీన్లను నాటకంలా కట్టించి ఊళ్లు తిప్పాడు, ఎక్కడ నవ్వొస్తోంది ఎంతసేపొస్తోంది అని లెక్కలు కట్టించి మరీ తీయించాడు. దీని మీద ఇంకా రాయొచ్చు గానీ నాకు ఓపిక లేదు.

జెప్పో దగ్గరికి వద్దాం. 'యానిమల్ క్రాకర్స్' సినిమా (1930)లో గ్రౌచో ఒక లాయర్ల కంపెనీకి ఉత్తరం చెప్పి రాయిస్తాడు, జెప్పో రాసుకుంటాడు. కంపెనీ పేరులో హంగర్‌డంగర్, హంగర్‌డంగర్ అని ఒకే ఇంటిపేరు వరసగా వస్తుంది. తిరిగి చదివించుకుంటే ఉత్తరంలో సగం లేదు. ఏమయ్యిందంటే, మీరు చెప్పినవాటిలో ముఖ్యం కాదనిపించినవి వదిలేశానండీ అంటాడు జెప్పో, శుద్ధ గుమాస్తా గొంతుతో. హంగర్‌డంగర్లలో కూడా ఒకణ్ణి వదిలేశాడు, అసలువాణ్ణే వదిలేశావు కదయ్యా అని గ్రౌచో గోల. ఆ సీన్లో మాటతో దెబ్బ కొట్టింది ఎవరు? ఇంకోటి, షికాగోలో ఆ నాటకం ఆడుతుండగా గ్రౌచోకు అపెండిసైటిస్ వస్తే ఆయన వేషం కట్టి ఆడింది ఈ "ఉన్నా లేకపోయినా ఒకటే" జెప్పోనే. చూసినవాళ్లకు తేడా తెలియలేదని చెబుతారు. అంత చెయ్యగలిగినవాడు మామూలు రోజుల్లో కోటు గుండీ పెట్టుకుని పక్కన నిలబడ్డాడంటే అది చేతకాక కాదు. 'డక్ సూప్' తర్వాత అతను నటన మానేసి ఏజెంటు అయ్యాడు. ఆ తర్వాతి సినిమాల్లో అతని చోటుకి పాటలు పాడే ప్రేమికులు వచ్చారు, వాళ్లు పాడుతున్నంతసేపూ నేను టీ తాగడానికి వెళతాను.

అంతెందుకు, గ్రౌచో కూడా మొదట్లో ఆ వైపు మనిషే. వాడెవిల్ రోజుల్లో, అంటే ఒకే టికెట్టు మీద పాట, గారడీ, కుక్కల ఆట, హాస్యం అన్నీ చూపించే థియేటర్లలో, అన్నదమ్ములు స్కూలు స్కిట్ వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. అందులో గ్రౌచో జర్మన్ యాసలో మాట్లాడే మాస్టారు. అల్లరంతా పిల్లల వేషంలో ఉన్న మిగతావాళ్లది, ఏడిపించబడేది ఇతను. తగిలితే ఎలా ఉంటుందో ముందు నేర్చుకుని తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు.

మనకి మాత్రం ఏం తక్కువ? గిరీశం అన్ని కోతలు కోయగలిగింది వెంకటేశం నోరు తెరుచుకుని నమ్మబట్టే. వెంకటేశం కూడా ఎదురు జోకులు వేసే రకమైతే గిరీశం చుట్ట అక్కడే ఆరిపోయేది. గోడ గట్టిగా ఉంటేనే బంతి తిరిగొస్తుంది.

కానీ ఈ గోడకు శాలువా ఎవరూ కప్పరు. పరిషత్తుల్లో నాటికలు వేయించే రోజుల్లో నేనొకటి రాశాను, అప్పు ఎగ్గొట్టే కుటుంబం, వసూలుకొచ్చి వరండాలో కూర్చునే అప్పులాయన. ఆ వేషం కట్టినాయన పగలు ఆఫీసులో గుమాస్తా. రిహార్సల్ మొదటి రోజే నా దగ్గరికొచ్చి "ఈయనకి వడ్డీతో కలిపి ఇప్పటికి ఎంత రావాలండీ?" అని అడిగాడు. నాటికలో ఆ ప్రసక్తే లేదు. అయినా టీ కొట్టు దగ్గర కూర్చుని ఇద్దరం కాగితం మీద అసలు, వడ్డీ, మధ్యలో జమలు అన్నీ వేశాం. ఆ కాగితం జేబులో పెట్టుకుని స్టేజీ ఎక్కేవాడు. ఎవడు ఏ వంక చెప్పినా దాన్ని తీసి ఒకసారి చూసుకుని మళ్లీ మడిచి పెట్టుకునేవాడు, డైలాగు కూడా లేదు, జనం పడీ పడీ నవ్వేవాళ్లు. ఉత్తమ హాస్యనటుడి బహుమతి గెంతులేసిన బావమరిదికి ఇచ్చారు. అప్పులాయన పాత్రకు చెయ్యడానికేమీ లేదని న్యాయనిర్ణేత ఒకాయన మైకులో చెప్పాడు కూడా.

ఆ నాటికనే కథగా రాసి ఒక వారపత్రికకు ఇస్తే అప్పులాయన్ని సగానికి పైగా కోసి వేశారు. ఫోన్ చేస్తే సంపాదకుడు "అక్కడ నవ్వు రావట్లేదు సార్, లైనుకో పంచ్ ఉండాలి" అన్నాడు. ఆ పంచ్ అనే జబ్బు ఇప్పుడు మరీ ముదిరింది. టీవీలో అయితే జోకు వేసినవాడికంటే ముందే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నవ్వుతారు, రీల్స్‌లో అయితే నవ్వు కూడా రెడీమేడ్. ఇంక నవ్వనివాడికి చోటెక్కడ?

నీ కథ సంగతి. పెళ్లిల్లు. పెళ్లికొడుకు జోకేస్తాడు, బాబాయ్ జోకేస్తాడు, పురోహితుడు మంత్రం ఆపి జోకేస్తాడు, క్యాటరింగ్ కుర్రాడు వడ్డిస్తూ జోకేస్తాడు. ఒకరి జోకుకు ఇంకొకరు నవ్వుతారు. అందరూ అక్కడే నవ్వేసుకున్నాక నాకేం మిగిలింది? అయితే ఎనిమిదో పేజీలో రెండే రెండు వాక్యాలకు వచ్చిపోయే మేనత్త ఉంది చూడు, విడిదింట్లో దిళ్లు లెక్కపెట్టి చీటీ మీద రాసుకునే ఆవిడ, ఆవిడ దగ్గర నేను నిజంగా నవ్వాను. ఎందుకో కొంచెం బాధ కూడా వేసింది. రెండు దిళ్లు తగ్గాయని రాశావు. ఆ రెండు దిళ్లు ఎవరివి, ఎవరి దగ్గర అడిగి తెచ్చింది, తిరిగివ్వకపోతే ఆవిడ ఎవరి ముందు తలవంచుకోవాలి? అది నీకు తెలియాలి, రాసినా రాయకపోయినా. తర్వాత ఆవిణ్ణి ఆ చీటీతో సహా పెళ్లిపీటల దాకా తీసుకురా. బాబాయ్ జోకు మధ్యలో ఉండగా వచ్చి దిళ్ల సంగతి అడగనీ. పురోహితుణ్ణి అడగనీ. ఆవిడ చేత మాత్రం ఒక్క చమత్కారం కూడా పలికించకు, చచ్చినా ఆవిడ నవ్వకూడదు.

బాబాయ్ జోకుల్లో మూడో వంతు ఉంచు చాలు. పురోహితుడి జోకులన్నీ తీసెయ్, ఆయన్ని ముహూర్తం దాటిపోతోందని కంగారు పడనీ.

తిరగరాసి పంపు, ఈసారి కాగితానికి ఒకవైపే, అక్షరం పెద్దది పెట్టి. వ్యాసంలో డ్యూమాంట్ పేరా, జెప్పో వాక్యం మార్చు. మార్చాక మాత్రం దాన్ని నువ్వు చెప్పిన ఆ హాస్య ప్రత్యేక సంచికకు ఇవ్వకు. స్థలం చాలదని ముందు ఆ పేరానే కోస్తారు.

ఉంటాను.