ఉజ్జీవ సభలైన వారానికే చల్లబడుతున్న భక్తి: మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాప్తిస్మం తీసుకుని పదేళ్లు దాటింది, ఆదివారం మందిరం మానరు, అయినా మొదట్లో ఉన్న ఆసక్తి ఇప్పుడు లేదు. ఏటా జనవరిలో బైబిలు ఆదికాండం నుంచి మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర వదిలేస్తున్నారు. ఊళ్లో ఉజ్జీవ సభలు (భక్తిని మళ్లీ రగిలించే ప్రత్యేక కూడికలు) పెడితే మూడు రోజులు ఉత్సాహం, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. నెల్లిమర్ల వైపు మిల్లులో షిఫ్టు పని.

సంఘాల్లో బైబిలు తరగతులు నడిపేవాళ్లకు ఈ ప్రశ్న ఎక్కువగా ఫిబ్రవరిలోనే ఎదురవుతుంది. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. బైబిల్లో 1189 అధ్యాయాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో క్యాలెండరుతో పాటు పంచే పఠన పట్టికలు వీటిని 365 రోజులకు సర్దుతాయి, అంటే రోజుకు మూడు పైచిలుకు. ఆదికాండం 50, నిర్గమకాండం 40. రోజుకు మూడు చొప్పున జనవరి 30కి ఆ రెండూ అయిపోతాయి, 31న లేవీయకాండం తెరవాలి. ఈ మధ్యలోనే భోగి, సంక్రాంతి, కనుమ. సెలవులకు చుట్టాలు దిగుతారు, నాలుగు రోజులు పుస్తకం ముట్టరు, 12 అధ్యాయాల బాకీ పడుతుంది. ఆ బాకీ మోసుకుంటూ నిర్గమకాండం 25 నుంచి ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం కొలతల్లోకి, అక్కడినుంచి బలుల్లోకి వెళ్లేసరికి ఎవరికైనా అడుగు పడదు. భక్తి తగ్గి ఆగిపోవడం కాదిది, పట్టిక మీ రోజుకు సరిపోలేదు, అంతే.

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకొకటి చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. శనివారం తప్పిపోయినవాటికి, ఆదివారం మందిరంలో పాస్టరు గారు చెప్పిన భాగం ఇంటికొచ్చి ఇంకోసారి చూసుకోవడానికి. శనివారం కూడా తీరని బాకీ ఉంటే వదిలేయండి, వెనక్కి వెళ్లొద్దు. మార్కుతో మొదలుపెట్టడం మేలు, 16 అధ్యాయాలే. పడుకునే ముందు ఒక కీర్తన చదివితే అయిదు నెలల్లో 150 అవుతాయి. 119వ కీర్తనకు 176 వచనాలున్నాయి, దాన్ని మాత్రం ముక్కలు చేసుకోండి. లేవీయకాండాన్ని రెండో ఏడాదికి పెట్టుకుని హెబ్రీయులకు రాసిన పత్రికతో కలిపి చదవండి. లేవీయకాండం 16లోని ప్రాయశ్చిత్త దినం చదివిన వెంటనే హెబ్రీ 9 చదివితే, ఇన్నాళ్లూ విసుగనిపించిన వివరాలన్నీ ఎందుకున్నాయో తెలిసివస్తుంది.

చదవడమంటే పేజీలు దాటించడం కాదని అందరూ చెప్తారు, ఎలాగో మాత్రం చెప్పరు. ఒక మామూలు నోటుబుక్కు తీసుకుని రోజుకు నాలుగు వరుసలు రాయండి: తేదీ, చదివిన భాగం, అక్కడ ఏం జరిగింది, ఈ రోజు రాత్రిలోపు నేను చేయాల్సింది ఏమిటి. ఉదాహరణకు మార్కు 1:29–39. జ్వరంతో ఉన్న సీమోను అత్త లేచింది, సాయంత్రానికి పట్టణమంతా వాకిట్లో చేరింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే యేసు అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేస్తున్నాడు. అందరూ నిన్ను వెదుకుతున్నారని సీమోను వస్తే, ఆయన వాకిట్లో జనం దగ్గరికి తిరిగి రాకుండా పక్క గ్రామాలకు వెళ్దాం రండి అన్నాడు. మూడో వరుసలో ఇది రాస్తారు. నాలుగో వరుసలో చాలామంది "నేను ఇంకా ఎక్కువ ప్రార్థించాలి" అని రాస్తారు. అది పనికిరాదు. రాత్రి చూసుకుంటే అయిందో కాలేదో తేలదు. "ఈ రోజు షిఫ్టుకు బయలుదేరే ముందు ఫోను తీయకుండా పది నిమిషాలు" అని రాస్తే తేలుతుంది. పాత తర్జుమా భాష కష్టంగా ఉంటే వాడుక భాషలో వచ్చినది చదవండి, కంఠస్థానికి మాత్రం పాతదే పెట్టుకోండి. మందిరంలో అందరి నోటా వినబడేది అదే కాబట్టి మనసులో నిలుస్తుంది. అక్షరాలు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆడియో బైబిలు పెట్టండి, వాళ్లతో పాటు మీరూ వింటారు.

షిఫ్టుల్లో ఉన్నవాళ్లు "రోజూ ఉదయం అయిదింటికి" అని తీర్మానం చేసుకుంటే వారంలో బెడిసికొడుతుంది. రాత్రి పదికి ఎక్కి ఉదయం ఆరింటికి దిగే వారంలో అయిదింటికి మీరు మిషను దగ్గర ఉంటారు. దిగి ఇంటికొచ్చి చదవబోతే రెండో వచనానికే కునుకు. సమయాన్ని గడియారానికి కాకుండా నిద్ర లేవడానికి ముడిపెట్టండి. ఎన్నింటికి లేచినా ముఖం కడుక్కున్నాక మొదటి పదిహేను నిమిషాలు. ఊడుపుల రోజుల్లో పొలం పనికి వెళ్లే ఆడవాళ్లకు, పలాస వైపు జీడిపప్పు పనికి వెళ్లేవాళ్లకు తెల్లవారుజామున ఆ పదిహేను నిమిషాలు కూడా దొరకవు. వాళ్లకు వంట చేస్తూ ఒక వచనం పదిసార్లు చెప్పుకోవడం, దారిలో ఒక పాట పాడుకోవడం చాలు. పాటను చిన్నచూపు చూడొద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉండే ఉంటుంది. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మన పక్కనున్న పర్లాకిమిడి ప్రాంతపు మనిషే. నెలకొక కీర్తన అన్ని చరణాలతో నోటికి నేర్చుకుంటే, ప్రార్థనకు మాటలు దొరకని రోజున అవే ప్రార్థన అవుతాయి.

ప్రార్థన యాంత్రికంగా మారిందని కూడా అన్నారు. మనవులతో మొదలుపెట్టడం దీనికి ముఖ్య కారణం. అప్పు, పిల్లల చదువు, అత్తగారి కాలు నొప్పి, ఆమేన్. రోజూ అదే జాబితా. క్రమం మార్చి చూడండి: చదివిన భాగంలో నుంచే దేవుణ్ణి స్తుతిస్తూ రెండు మాటలు, నిన్న చేసిన ఒక తప్పును పేరు పెట్టి ఒప్పుకోవడం, నిన్నటి మేలు ఒకటి, ఆ తర్వాతే మనవులు. "మా పాపములన్నియు క్షమించుము" అని గంపగుత్తగా అనడం సులువు. "నిన్న సూపర్‌వైజరుకు అబద్ధం చెప్పాను" అనడం కష్టం. తేడా అక్కడ కనబడుతుంది.

ఇక ఉజ్జీవ సభలు. వాటిని తక్కువ చేయడం లేదు, చాలామంది జీవితాలు అక్కడే మలుపు తిరిగాయి. కానీ అక్కడ దొరికినదాన్ని ఏడాదంతా దాచుకుని తినాలనుకుంటే నిర్గమకాండం 16లో జరిగిందే జరుగుతుంది: అరణ్యంలో దేవుడు ఏరోజుకారోజు ఇచ్చిన ఆహారం మన్నాను ఉదయం వరకు దాచితే పురుగు పట్టింది. "ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు" అని పౌలు రాశాడు (2 కొరింథీ 4:16), సభ సభకూ అనలేదు. ఎఫెసు సంఘం మొదటి ప్రేమ వదిలినప్పుడు ప్రభువు చెప్పిన వరస కూడా చూడండి (ప్రకటన 2:5): ఏ స్థితిలో నుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, ఆ మొదటి క్రియలు చేయి. మొదటి ఉత్సాహం తెచ్చుకో అనలేదు. కాబట్టి పూర్వపు కన్నీళ్ల కోసం వెతకొద్దు. అప్పట్లో ఏం చేసేవారో రాసుకోండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి వచ్చేవారా, ఆదివారం పిల్లలకు కథ చెప్పేవారా, గృహ కూటానికి చాపలు మోసేవారా? అందులో ఒకటి, ఒకటే, ఈ నెల మళ్లీ మొదలుపెట్టండి.

అన్నీ చేస్తున్నా కదలిక లేదంటే చాలాసార్లు ఎక్కడో ఒక ముడి ఉంటుంది. అన్నదమ్ములతో గట్టు తగాదా, ఎగ్గొట్టిన చీటీ డబ్బు, సంఘంలో ఒకరితో ఏళ్ల తరబడి మాటల్లేకపోవడం. మత్తయి 5:23–24 ప్రకారం కానుకను బలిపీఠం ముందే విడిచి ముందు సమాధానపడాలి. అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు కనీసం అసలు ఇవ్వండి, ఒక్కసారి కుదరకపోతే నెలకింతని చెప్పి ఇవ్వండి. క్షమాపణకు వెళ్లినప్పుడు "నువ్వు కూడా అలా అన్నావు కదా" అని మొదలుపెడితే ఇంకో తగాదా తయారవుతుంది. మీ వంతు మాత్రం చెప్పి వచ్చేయండి. అవతలివాళ్లు ఒప్పుకోకపోయినా మీ పని అయింది.

తోడుగా ఒక్క మనిషిని పెట్టుకోండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు, వారానికి అరగంట, మూడు ప్రశ్నలు: ఏం చదివావు, ఎక్కడ పడ్డావు, ఎవరికి ఏం చేశావు. ఇక్కడ చెడేది ఎక్కడంటే, విన్నది "ప్రార్థన మనవి" పేరుతో స్త్రీల కూడికకో యవ్వనస్థుల వాట్సాప్ గ్రూపుకో చేరుతుంది. నోరు కట్టుకోగలిగిన మనిషినే ఎంచుకోండి, పాటలు బాగా పాడేవాణ్ణి కాదు.

ఏడాదికి దేవుని వాగ్దానంగా జనవరిలో కార్డు మీద తీసుకున్న వచనం గురించి కూడా ఒక మాట. మీ విషయంలో నాకున్నవి సమాధానకరమైన ఉద్దేశాలే అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 చాలా ఇళ్లలో గోడ మీద ఉంటుంది. దాని పై వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది. ఆ మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది, అందులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అనీ ఉంది. కార్డు మీది వచనాన్ని దాని అధ్యాయమంతటితో చదవకపోతే మార్చికల్లా దేవుడు మాట తప్పాడనిపిస్తుంది.

ఉపవాసం చేయాలనుకుంటే వారానికి ఒక పూట మానడంతో మొదలుపెట్టండి, నీళ్లు మానొద్దు. ఆ భోజనానికి పట్టే సమయం ప్రార్థనకు ఇవ్వకపోతే అది పస్తు అవుతుంది గానీ ఉపవాసం కాదు. ముగించేటప్పుడు పలచటి గంజో చోడి అంబలో తీసుకోండి, మందిరం బయట పకోడీలతో కాదు. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా చేయకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. ఆ జబ్బున్నవాళ్లను "విశ్వాసంతో" నీళ్లు లేని ఉపవాసానికి కూర్చోబెట్టే కూడికలకు నేను పూర్తిగా వ్యతిరేకం. వాళ్లు భోజనం బదులు ఫోనో టీవీయో మానుకోవచ్చు.

ఒక్కోసారి ఇది ఆత్మీయ చల్లదనం కాకపోవచ్చు కూడా. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చచ్చిపోతానని ప్రార్థించినప్పుడు (1 రాజులు 19) దేవుడు ప్రసంగం చేయలేదు, నిద్రపోనిచ్చాడు, దూత వచ్చి లేపి తిండి పెట్టాడు, మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. వరుసగా రాత్రి షిఫ్టులు చేసినవాడికి ముందు కావాల్సింది నిద్రే. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఏ పని మీదా మనసు లేకపోతే, బతకాలని లేదనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్‌కు (14416) ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

చివర్లో మీ తమ్ముడు చేపల వేట పనికి గుజరాత్ వెళ్తాడని, అక్కడ తెలుగు సంఘం లేదని రాశారు. అక్కడి వేరావల్ రేవుకు వెళ్లే మన తీరప్రాంతపు వాళ్లందరికీ ఉన్న ఇబ్బందే ఇది. సముద్రం మీద సిగ్నల్ ఉండదు, ఆడియో బైబిలు, ఓ ఇరవై పాటలు ముందే ఫోనులో దించి పంపండి. ఛార్జింగు అయిపోయినా ఉండేలా చిన్న కొత్త నిబంధన ఒకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇవ్వండి. బోటులో ఇంకో విశ్వాసి ఉంటే ఇద్దరూ రాత్రి ఒక కీర్తన చదువుకోవచ్చు. ఒడ్డుకు వచ్చిన రోజున మీరు ఫోను చేసి పైన చెప్పిన మూడు ప్రశ్నలు అడగండి, అతన్నీ మిమ్మల్ని అడగమనండి.